ఖాళీ పంజరంలో ఎలుక ఆరోగ్యంగా ఉంటుందా? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

పరిశోధనలకు వాడే ఎలుకలకు దాక్కునే చోటు, గూడు కట్టుకునే సామగ్రి, తోటి ఎలుకల తోడు కల్పిస్తే వాటి ఆరోగ్యం మెరుగుపడుతుందని గత సంచికలో ఒక చిన్న వార్త ప్రచురించాము. దానిపై తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులు రాసిన ఉత్తరాలలో ఐదింటికి మా శీర్షిక నిర్వహించే పశువైద్యులు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నారు.

ప్రశ్న: నేను జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఇచ్చి మధుమేహం కలిగించిన విస్టార్ రకం ఎలుకల మీద ఒక మొక్క సారం ఎలా పనిచేస్తుందో పరీక్షిస్తున్నాను. మా యానిమల్ హౌస్‌లో ప్లాస్టిక్ కేజ్‌లలో వరి ఊక పరిచి, ఒక్కో కేజ్‌లో రెండు మూడు ఎలుకలను ఉంచుతాము. మేత, నీళ్ల సీసా తప్ప లోపల మరేమీ ఉండదు. ఒక గొట్టం ముక్క, కొంత కాగితం వేద్దామని అడిగితే, అన్ని ఎలుకలూ ఒకే తీరుగా ఉండాలనీ, ఏది వేసినా ఫలితాలు చెడిపోతాయనీ మా గైడ్ గారు అన్నారు. ఈ ఎన్‌రిచ్‌మెంట్ (పంజరంలో ఇలాంటి సౌకర్యాలు కల్పించడం) వల్ల ఎలుకల ఆరోగ్యం నిజంగా మారుతుందా, లేక అది మన మనసు తృప్తి కోసమేనా?
– ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

సమాధానం: అమ్మా, నిజంగానే మారుతుంది. ఎంత మారుతుందన్న దానికి ఇప్పుడు మంచి ఆధారమే ఉంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జియా మేసన్, ఆమె సహచరులు అప్పటివరకు ఎలుకల మీద, చిట్టెలుకల మీద జరిగిన 200కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి విశ్లేషించి, 2022లో బీఎంసీ బయాలజీ పత్రికలో ప్రచురించారు. క్యాన్సర్, గుండె జబ్బులు, పక్షవాతం, కుంగుబాటు, ఆందోళన అనే ఐదు రకాల రుగ్మతలను వారు పరిశీలించారు. సౌకర్యాలున్న పంజరాలలో పెరిగిన వాటితో పోలిస్తే మామూలు పంజరాలలోని జంతువులలో ఈ రుగ్మతలు ఎక్కువ తీవ్రంగా ఉన్నాయని, మరణాల రేటు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉందని, సగటు ఆయుష్షు సుమారు 9 శాతం తగ్గిందని ఆ విశ్లేషణలో తేలింది. ఒక మందు వల్ల ఎలుకల ఆయుష్షు అంత పెరిగితే మనం దానిని పెద్ద ఫలితంగానే ప్రకటించుకుంటాము కదా.

ఇలా ఎందుకు జరుగుతుందో శరీరధర్మం తెలిసిన మీకు సులభంగానే అర్థమవుతుంది. మొదటిది వేడి. ఎలుక తన శరీర ఉష్ణోగ్రతను నిలుపుకోవడానికి అదనపు శక్తి ఖర్చు పెట్టనవసరం లేని గది ఉష్ణోగ్రత దాదాపు 28 డిగ్రీలు, లేదా ఇంకా కొంచెం ఎక్కువ. మన యానిమల్ హౌస్‌లలో ఏసీని 22 డిగ్రీల దగ్గర పెడతారు. బయట తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటి మండుతున్నా, లోపల ఉన్న ఎలుకకు మాత్రం కొద్దిపాటి చలే. గూడు ఉంటే అందులో ముడుచుకుని, తోటి ఎలుకలను ఆనుకుని ఆ చలిని తట్టుకుంటుంది. లేకపోతే రాత్రింబవళ్లు తిన్న దానిలో కొంత భాగాన్ని ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చు చేస్తుంది. జీవక్రియ మీద పరిశోధన చేసేవారు దీనిని చిన్న విషయమని తీసిపారేయకూడదు.

రెండవది కదలిక. కెనడాలోనే, వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మట్టి, ఎత్తు, ఎక్కే వీలు ఉన్న విశాలమైన పంజరాలలోని ఎలుకలు తరచుగా కలుగులు తవ్వాయి, ఎక్కాయి, వెనుక కాళ్ల మీద నిటారుగా నిలబడ్డాయి. మామూలు కేజ్‌లోని ఎలుకలకు ఈ మూడూ సాధ్యం కావు. అవి దానికి బదులు పదేపదే ఒళ్లు విరుచుకుంటూ కనిపించాయి, వయసు పెరిగేకొద్దీ మరింత ఎక్కువగా. కదలిక లేక బిగుసుకుపోయిన కీళ్లను, కండరాలను సడలించుకోవడానికే అవి అలా చేస్తున్నాయని ఆ శాస్త్రవేత్తలు భావించారు. గంటల తరబడి కూర్చుని పనిచేసే మనుషులకు ఈ అవసరం గురించి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మూడవది, నా దృష్టిలో ఈ మూడింటిలోకీ ముఖ్యమైనది, తప్పించుకునే వీలు. ఎలుక ఇతర జంతువులకు ఆహారమయ్యే జీవి. వెలుతురులో, తెరిపిగా ఉన్న చోట నిలబడటం దాని స్వభావానికి ప్రమాద సూచన. ట్యూబ్‌లైటు వెలుగులో, నాలుగు పక్కలా పారదర్శకమైన గోడల మధ్య, ఎవరు లోపలికి వచ్చినా కనిపించేలా బతకడమంటే, దాక్కోవాలన్న ప్రేరణ రోజంతా కలుగుతూ ఉండి, అది ఒక్కసారి కూడా తీరకపోవడం. మన శరీరంలో కార్టిసాల్ చేసే పనిని ఎలుకలో కార్టికోస్టిరోన్ చేస్తుంది. దీర్ఘకాలం కొనసాగే ఒత్తిడి ఈ హార్మోను ద్వారా రక్తంలోని చక్కెర మీద, రోగనిరోధక శక్తి మీద, పుండ్లు మానడం మీద ప్రభావం చూపుతుందని మీకు పాఠ్యపుస్తకాలలోనే ఉంది.

తోడు లేకపోవడం ఇంకా కఠినమైన విషయం. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, గుంపుగా పెరిగిన ఆడ ఎలుకల కంటే ఒంటరిగా పెరిగిన ఆడ ఎలుకలలో సహజంగా వచ్చే స్తన కణితులు చాలా ఎక్కువగా కనిపించాయి, వాటిలో ప్రాణాంతకమైనవి కూడా ఎక్కువే. మేత, నీరు, గది, జాతి అన్నీ ఒకటే. తేడా తోడులోనే ఉంది. మీ కేజ్‌లలో రెండు మూడు ఎలుకలు కలిసి ఉంటున్నాయి కాబట్టి అతి ముఖ్యమైన సౌకర్యం వాటికి ఇప్పటికే ఉంది.

ఇక మీ గైడ్ గారి అభ్యంతరం. అది అర్థం లేని అభ్యంతరం కాదు, పరిశోధనలో ఏకరూపత అవసరమే. అయితే ఖాళీ కేజ్ అంటే ఏ ప్రభావమూ లేని స్థితి అనుకోవడం దగ్గరే మన లెక్క తప్పుతోంది. అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పత్రికలో 2010లో వచ్చిన ఒక వ్యాసం ఈ మాటను సూటిగా చెప్పింది: కదలిక లేకుండా, ఎప్పుడూ మేత అందుబాటులో ఉండి పెరిగే ‘కంట్రోల్’ ఎలుకలు (ఏ మందూ ఇవ్వకుండా పోలిక కోసం ఉంచేవి) నిజానికి ఆరోగ్యవంతమైనవి కావు, అవి లావెక్కి, ఇన్సులిన్‌కు సరిగా స్పందించని స్థితికి చేరుకుని ఉంటాయి. అటువంటి ఎలుకను ఆరోగ్యానికి కొలమానంగా పెట్టుకోవడం, పగలూ రాత్రీ గుంజకు పొట్టి పలుపుతో కట్టేసిన పుంగనూరు ఆవును చూసి ఆ జాతి శక్తిని లెక్కగట్టడం వంటిది.

ఎన్‌రిచ్‌మెంట్ వల్ల ఎలుకకూ ఎలుకకూ మధ్య తేడాలు పెరిగి ఫలితాలు చెదిరిపోతాయన్న భయాన్ని కూడా శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. 2004లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, మూడు వేర్వేరు ప్రయోగశాలలలో చిట్టెలుకలను మామూలు కేజ్‌లలో, సౌకర్యాలున్న కేజ్‌లలో ఉంచి ప్రవర్తనా పరీక్షలు జరిపారు. సౌకర్యాల వల్ల తేడాలు పెరగలేదు, ఫలితాలను తిరిగి రాబట్టడానికి ఇబ్బందీ కలగలేదు. దీనికి ముందే, 1999లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో పరిశోధనలో, ఒకే జాతుల చిట్టెలుకలను ఒకే పరికరాలతో, ఒకే పద్ధతిలో మూడు చోట్ల పరీక్షించినా కొన్ని ఫలితాలు వేర్వేరుగానే వచ్చాయి. కేజ్‌ను ఖాళీగా ఉంచినంత మాత్రాన ఏకరూపత దానంతట అది రాదన్నమాట.

మీ ప్రయోగానికి వర్తించే హెచ్చరిక ఒకటి ఉంది. పరుగు చక్రం పెట్టకండి. మధుమేహ పరిశోధనలో వ్యాయామం ఒక చికిత్సతో సమానం కాబట్టి, చక్రం మీద ఎక్కువ పరుగెత్తిన ఎలుకలో చక్కెర తగ్గితే అది మీ మొక్క సారం వల్ల తగ్గిందో, పరుగు వల్ల తగ్గిందో చెప్పలేరు. గొట్టం ముక్క, గూటికి కాగితం, కొరకడానికి కర్రముక్క చాలు. వాటిని మధుమేహం కలిగించడానికి ముందే, అన్ని సమూహాలకూ, కంట్రోల్ ఎలుకలతో సహా, ఒకే రోజున వేయండి. మధ్యలో కొన్నిటికి వేయడం, కొన్నిటికి తీసేయడం జరిగితే అప్పుడు మీ గైడ్ గారు చెప్పిన నష్టం నిజంగానే కలుగుతుంది. మరొక విషయం: స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చిన ఎలుకలు విపరీతంగా నీళ్లు తాగి, విపరీతంగా మూత్రం పోస్తాయి కాబట్టి గూడు, ఊక త్వరగా తడిసిపోతాయి. తడిసిన గూడు ఎలుకకు సుఖం ఇవ్వదు సరికదా, అందులో పుట్టే అమోనియా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మిగతా కేజ్‌ల కంటే వీటిని తరచుగా మార్చవలసి ఉంటుంది.

జంతు ప్రయోగాల నివేదికలు ఎలా ఉండాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాలు, 2010లో వెలువడినవీ, 2020లో సవరించినవీ రెండూ, జంతువులను ఎలా ఉంచారో, ఏ సౌకర్యాలు కల్పించారో రాయమని కోరుతున్నాయి. మీ థీసిస్‌లో ఒక పేరా ఇందుకు కేటాయించండి. గైడ్ గారితో మాట్లాడేటప్పుడు జాలి అనే మాటతో కాకుండా, ప్రయోగ నాణ్యత అనే మాటతో మొదలుపెడితే వారు వినే అవకాశం ఎక్కువ. ఒక్కటి మాత్రం స్పష్టంగా గుర్తుంచుకోవాలి: గొట్టం ముక్క మధుమేహాన్ని తగ్గించదు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు నశించాక వాటిని ఏ గూడూ తిరిగి తీసుకురాదు. ఎలుక భరించవలసిన దానిలో మీ ప్రయోగానికి అవసరం లేని బాధను మాత్రమే ఎన్‌రిచ్‌మెంట్ తీసివేస్తుంది.

ప్రశ్న: పంజరంలో ఆటవస్తువులు పెడితే ఎలుకల మెదడు పెరుగుతుందని మా జువాలజీ సార్ చెప్పారు. ఇది నిజమేనా అండి? ముసలి ఎలుకలకు కూడా అలా జరుగుతుందా?
– ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి, చిత్తూరు

సమాధానం: మీ సార్ చెప్పింది నిజం. దీని వెనుక మంచి చరిత్ర ఉంది. కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ కొన్ని ఎలుకలను ఇంటికి తీసుకువెళితే ఆయన కుమార్తెలు వాటిని పెంపుడు జంతువుల్లా పెంచారు. ఇల్లంతా తిరుగుతూ పెరిగిన ఆ ఎలుకలు, ప్రయోగశాల కేజ్‌లలో పెరిగిన ఎలుకల కంటే చిక్కుదారుల పరీక్షలలో మెరుగ్గా ఉన్నాయని ఆయన 1947లో తెలియజేశారు. 1960లలో అమెరికాలోని బర్క్‌లీలో మార్క్ రోజెన్‌జ్వైగ్, డేవిడ్ క్రెచ్, ఎడ్వర్డ్ బెన్నెట్, మేరియన్ డైమండ్ కలిసి ఈ విషయాన్ని మెదడు దాకా తీసుకువెళ్లారు. పెద్ద పంజరంలో గుంపుగా, తరచుగా మార్చే వస్తువుల మధ్య పెరిగిన ఎలుకల మెదడు పైపొర, ఒంటరిగా ఖాళీ కేజ్‌లో పెరిగిన వాటి కంటే బరువుగా, మందంగా ఉందని కొలిచి చూపించారు. అంతకుముందు, పెద్దయిన జంతువు మెదడు మారదని చాలామంది నమ్మేవారు. తరువాత విలియం గ్రీనో బృందం సూక్ష్మదర్శినితో చూసి, అటువంటి ఎలుకలలో ఒక్కో నాడీకణానికి ఉండే అనుసంధానాలు కూడా ఎక్కువేనని గుర్తించింది. 1997లో ఫ్రెడ్ గేజ్ బృందం చిట్టెలుకలలో, జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోకాంపస్ భాగంలో పుట్టే కొత్త కణాలు సౌకర్యాలున్న పంజరంలో ఎక్కువ సంఖ్యలో నిలిచి బతుకుతున్నాయని నేచర్ పత్రికలో ప్రకటించింది.

ముసలి ఎలుకల సంగతి మీరు అడగడం నాకు సంతోషం కలిగించింది. మేరియన్ డైమండ్ 766 రోజుల వయసున్న ఎలుకలను, అంటే రెండేళ్లు దాటిన ముసలి ఎలుకలను, సౌకర్యాలున్న పంజరంలోకి మార్చి 904 రోజుల వయసు దాకా ఉంచారు. వాటి మెదడు పైపొర కూడా మందమైంది. అంత వయసు దాకా ఎలుకలను బతికించుకోవడమే ఆ రోజుల్లో కష్టంగా ఉండేదని, రోజూ చేతిలోకి తీసుకుని ఆప్యాయంగా చూసుకున్నాకే అవి అంతకాలం బతికాయని ఆమె చెప్పేవారు. స్వీడన్‌లోని లుండ్‌లో బార్బ్రో యోహాన్సన్ బృందం మెదడుకు రక్తం అందక దెబ్బతిన్న ఎలుకలను రెండు రకాల పంజరాలలో ఉంచి చూస్తే, సౌకర్యాలున్న పంజరంలోనివి కాళ్ల మీద పట్టును మెరుగ్గా తిరిగి తెచ్చుకున్నాయి. మెదడులో చచ్చిపోయిన భాగం మాత్రం చిన్నది కాలేదు, మిగిలిన భాగమే పని నేర్చుకుంది.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆటవస్తువులు మెదడును పెంచాయా, లేక ఖాళీ కేజ్ మెదడును ఎదగనివ్వలేదా? బర్క్‌లీ బృందమే కొన్ని ఎలుకలను ఆరుబయట, సహజ పరిసరాలను పోలిన ఆవరణలో వదిలి చూసింది. అక్కడ మట్టిలో కలుగులు తవ్వుకుని బతికిన ఎలుకల మెదడు, ఆటవస్తువుల పంజరంలోని వాటి కంటే కూడా ఎక్కువగా వికసించింది. దీనిని బట్టి ఆటవస్తువులున్న పంజరం కూడా ఎలుకకు విలాసం కాదని, అది పోగొట్టుకున్న దానిలో కొంత భాగం మాత్రమేనని నేను అనుకుంటాను. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఈ రెండో వైపు కూడా రాయండి.

ప్రశ్న: అయ్యా, మాకు చంద్రగిరి దగ్గర కొంచెం మడి, కొంచెం వేరుశనగ చేను ఉన్నాయి. ఏటా ఎలుకలు, పందికొక్కులు గట్లు తవ్వి, గింజలు కొల్లగొడతాయి. మేము వాటిని చంపించడానికి డబ్బులిస్తుంటే, మీరు ల్యాబులో ఎలుకకు గూడు, తోడు కావాలని రాశారు. రైతు బాధ మీకు పట్టదా?
– ఒక రైతు, చంద్రగిరి మండలం

సమాధానం: అయ్యా, పట్టకేమి. పంటను కాపాడుకోవడానికి మీరు చేసే పనిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. మీ చేలో తిరిగే పందికొక్కులు వేరే జాతివి. ప్రయోగశాలలోని తెల్ల ఎలుక గోధుమరంగు ఎలుక అనే మరో జాతి నుంచి, వందేళ్లకు పైగా మనుషుల చేతుల్లో పెరుగుతూ వచ్చింది. విస్టార్ రకం 1906లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మొదలైనదే. మీ గింజను అది ఎన్నడూ ముట్టలేదు. మనమే దానిని మందుల కోసం పుట్టించి, పెంచుకుంటున్నాము, అందుకే దాని బాగోగులు మన బాధ్యత అయ్యాయి.

అయితే ఎలుక కలుగు గురించి శాస్త్రవేత్తలకంటే మీకే ఎక్కువ తెలుసు. దారి ఎన్ని వంకలు తిరుగుతుందో, గింజలు దాచే గది ఎక్కడుంటుందో, పొగ పెడితే ఏ రెండో కన్నంలోంచి బయటపడుతుందో మీకూ, కుండలో గడ్డి కాల్చి పొగ ఊది ఎలుకలను పట్టే యానాదులకూ తెలిసినంతగా పుస్తకాలలో ఉండదు. 1977లో రాబర్ట్ బోయిస్ అనే అమెరికా శాస్త్రవేత్త, తరతరాలుగా కేజ్‌లలోనే పుట్టి పెరిగిన తెల్ల ఎలుకలను ఆరుబయట మట్టినేల మీద వదిలి చూశారు. మట్టి మొహం ఎరుగని ఆ ఎలుకలు అడవి ఎలుకల మాదిరిగానే కలుగులు తవ్వుకున్నాయి. పంజరంలో పుట్టినంత మాత్రాన దాని అవసరం పోలేదు. గొట్టం ముక్క కావాలని నేను అడుగుతున్నది ఆ అవసరం కోసమే.

ప్రశ్న: ప్రయోగం ముగిశాక ఆ ఎలుకలను ఎలాగూ చంపేస్తారు కదా. కాణిపాకంలో వినాయకునికి మొక్కి, మూషికానికి దండం పెట్టుకునే మనం, చంపబోయే ఎలుకకు ముందు సౌకర్యాలు కల్పించడం ఆత్మవంచన కాదా? దానికి ఖర్చు పెట్టే బదులు ఆ ప్రయోగాలే మానేయవచ్చు కదా.
– ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాళహస్తి

సమాధానం: టీచర్ గారూ, మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. ప్రయోగాలు మానవచ్చు కదా అన్నదానికి: మానగలిగినవన్నీ మానాలనే నా అభిప్రాయం, మన చట్టం అభిప్రాయం కూడా అదే. 1960లో వచ్చిన జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం కింద ప్రయోగాలను నియంత్రించడానికి ఒక కేంద్ర కమిటీ ఉంది. చాలాకాలం సీపీసీఎస్ఈఏ అన్న పేరుతో పిలిచిన ఆ కమిటీని ఇప్పుడు సీసీఎస్ఈఏ అంటున్నారు. 1998 నాటి నియమాల ప్రకారం ప్రయోగాలు చేసే సంస్థ ఆ కమిటీ దగ్గర నమోదు చేసుకోవాలి, అక్కడ ఒక నైతిక సంఘం ఉండాలి, ప్రతి ప్రయోగాన్నీ ముందుగా ఆ సంఘం ముందు ఉంచాలి. వేరే మార్గం ఉందా, ఇన్ని ఎలుకలు అవసరమా అని ఆ సంఘం అడగాలి. ఆ సంఘంలో శాస్త్రవేత్తలు కాని సామాజిక స్పృహ ఉన్న సభ్యులు కూడా ఉంటారు, మీవంటి వారికి అందులో స్థానం ఉంది. ఇంగ్లాండుకు చెందిన రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే ప్రతిపాదించిన మూడు సూత్రాలు ఈ ఆలోచనకు ఆధారం: జంతువు లేకుండా జరిగితే అలాగే జరపాలి, తప్పనిసరైతే అతి తక్కువ జంతువులను వాడాలి, వాడిన వాటి బాధను వీలైనంత తగ్గించాలి.

రెండో భాగం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఎలుక ఆయుష్షు రెండు, మూడేళ్లు. ఒక ప్రయోగం అందులో మూడు నాలుగు నెలలు తీసుకుంటే, అది ఆ ప్రాణి జీవితంలో పెద్ద భాగం. చివరి రోజున ఏమి జరగబోతోందో ఎలుకకు తెలియదు. ఈ రోజు చలిగా ఉందా, దాక్కునే చోటు ఉందా, పక్కన తోడు ఉందా అన్నదే దానికి తెలుస్తుంది. ముగింపు ఒకటే కాబట్టి అంతవరకు గడిచే రోజులకు విలువ లేదనడాన్ని నేను అంగీకరించలేను. కేజ్ శుభ్రం చేసే సిబ్బందితో కలిసి ఎన్నో ఏళ్లు పనిచేసినవాడిగా ఒక మాట చెప్పగలను: ఎలుకలు గూళ్లు కట్టుకుని, ఒకదాని మీద ఒకటి పడుకుని నిద్రపోయే గదిలో పనిచేసేవారు వాటిని పట్టుకునే తీరు కూడా మృదువుగా మారుతుంది.

ఖర్చు సంగతి మీరు అనుకున్నంత పెద్దది కాదు. తల్లడిల్లుతున్న జంతువు నుంచి వచ్చిన తప్పుడు ఫలితంతో మరో వంద ఎలుకల మీద మరో ప్రయోగం చేయవలసి వస్తే, అదే అసలైన ఖర్చు.

ప్రశ్న: మా ఫార్మసీ కళాశాలలో చిన్న యానిమల్ హౌస్ ఉంది. విదేశీ కంపెనీల ఎన్‌రిచ్‌మెంట్ వస్తువులు కొనే స్తోమత మాకు లేదు. ఇక్కడ దొరికే వాటితో ఏమి చేయవచ్చో, ఏవి వాడకూడదో చెప్పగలరా?
– ఒక అధ్యాపకుడు, చిత్తూరు

సమాధానం: కొనవలసిన అవసరమే లేదు. అన్నిటికంటే ముందు తోడు. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన ఒకే లింగపు ఎలుకలను కలిపి ఉంచండి. పెద్దయ్యాక పరిచయం లేని మగ ఎలుకలను కొత్తగా కలిపితే పోట్లాడుకుంటాయి, గాయపడతాయి. ఏదైనా ప్రయోగానికి తప్పనిసరిగా విడిగా ఉంచవలసి వస్తే, ఎన్ని రోజులకో రాసిపెట్టి, ఆ గడువు ముగియగానే మళ్లీ కలపండి.

దాక్కునే చోటుకు పీవీసీ పైపు ముక్కలు బాగా పనికొస్తాయి. పెద్ద మగ ఎలుక లోపల సులభంగా తిరగగలిగేంత వెడల్పు, అంటే దాదాపు నాలుగు అంగుళాలు ఉండాలి. కోసిన అంచులను గరుకు కాగితంతో నున్నగా చేయాలి. పైపులను కడిగి, క్రిమిసంహారకంతో శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు. రంగు, మెరుపు పూత లేని చిన్న మట్టికుండను వెడల్పాటి నోటితో చేయించి పక్కకు వాల్చి పెడితే ఇంకా మంచిది. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయి ఏసీ ఆగినప్పుడు ప్లాస్టిక్ కంటే మట్టికుండే చల్లగా ఉంటుంది. కుండ పగుళ్లిస్తే వెంటనే తీసేయాలి. పీచు పూర్తిగా గీకేసిన సగం కొబ్బరి చిప్పలు పిల్ల ఎలుకలకు సరిపోతాయి, పెద్దవాటికి ఇరుకు.

గూటికి అచ్చు సిరా లేని తెల్లకాగితాన్ని పొడవాటి ముక్కలుగా చింపి వేయండి. పాత వార్తాపత్రికలు, దూది, దారం, పొడవాటి కొబ్బరి పీచు వద్దు. పోగులు కాళ్లకు చుట్టుకుని రక్తప్రసారం ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ చాలామంది నిరుత్సాహపడే విషయం ఒకటుంది. పెద్ద ఎలుకలకు మొదటిసారి కాగితం వేస్తే అవి గూడు కట్టవు, కొరికి పారేస్తాయి. అప్పుడు, ‘చూశారా, వాటికి అక్కరలేదు’ అని వేయడం మానేస్తారు. చిట్టెలుకకు గూడు కట్టడం బాగా వచ్చు. ఎలుక మాత్రం పిల్లగా ఉన్నప్పుడే ఆ పదార్థంతో పెరిగితేనే సరిగా కడుతుందని నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధనలో తేలింది. కాబట్టి ఈనే తల్లి కేజ్‌లోనే కాగితం వేయడం మొదలుపెట్టండి. పెద్ద ఎలుకలకు గూటికి బదులు కుండ ఇవ్వండి.

కొరకడానికి కర్రముక్క తప్పక ఉండాలి, ఎందుకంటే ఎలుక ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. రంగు, వార్నిష్, పురుగుమందు తగలని గట్టి కర్ర కావాలి. దేవదారు వంటి ఘాటైన వాసనగల కర్రను, దాని పొట్టును దూరంగా పెట్టండి. వాటిలోని ఆవిరయ్యే నూనెలు కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములను పెంచుతాయి. ఫార్మసీ కళాశాలలో మందు మోతాదు లెక్కలన్నీ దానివల్ల తారుమారవుతాయి. కేజ్‌లో పరచడానికి వరి ఊక మంచిదే, కానీ దుమ్ము జల్లించి, ఆటోక్లేవ్ చేశాకే (అధిక పీడనపు ఆవిరితో క్రిములను చంపాకే) వేయాలి. కర్రకూ, కాగితానికీ, కుండకూ అదే పద్ధతి వర్తిస్తుంది.

కేజ్ ఎత్తు విషయంలో మన పరిస్థితి అంత బాగాలేదు. ఐరోపా నియమాలు కూడా ఎలుకకు కనీసం 18 సెంటీమీటర్ల ఎత్తుతో సరిపెట్టుకున్నాయి. పెద్ద ఎలుక నిటారుగా నిలబడటానికి 26 నుంచి 30 సెంటీమీటర్లు కావాలి. కొత్త కేజ్‌లు కొనే అవకాశం వచ్చినప్పుడు అదే ధరలో ఎత్తయినవి అడగండి. అంతవరకు వారానికి ఒకటి రెండుసార్లు, పైన జాలీ ఉన్న పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో ఒకే కేజ్ ఎలుకలను కలిపి కాసేపు తిరగనిచ్చినా వాటికి మేలే. తొట్టెను ఒక గుంపు తరువాత మరో గుంపుకు వాడే ముందు కడగాలి. తెల్ల ఎలుకల కళ్లకు రక్షణనిచ్చే రంగు ఉండదు కాబట్టి ఎక్కువ వెలుతురు వాటి కంటిపొరను దెబ్బతీస్తుంది. ర్యాక్‌లో అన్నిటికంటే పైఅరలో ఉండే కేజ్‌లకు ట్యూబ్‌లైటు దగ్గరవుతుంది కాబట్టి ఆ అర పైన ఒక అట్ట పరచండి.

కొత్త వస్తువు వేసిన మొదటి పదిహేను రోజులు ఎలుకల బరువు, మేత, నీటి లెక్క రాయండి. గాయాలు, అరిగిన బొచ్చు, తీగలను అదేపనిగా కొరకడం వంటివి గమనించండి. కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రని మరకలు కనిపిస్తే కంగారుపడి రక్తం అనుకోవద్దు. అది కంటి వెనుక గ్రంథి నుంచి వచ్చే రంగు పదార్థం, ఒత్తిడికో, జబ్బుకో గుర్తు. ఒక కేజ్‌లో ఒక్క ఎలుకకే అలా ఉంటే మిగతావి దానిని కుండలోకి రానివ్వడం లేదేమో చూసి, రెండో కుండ పెట్టండి. కేజ్‌లోని అన్నిటికీ అలాగే ఉంటే వేసిన వస్తువును తీసి, ఎలుకలను పశువైద్యునికి చూపించి, ఆ తేదీని ప్రయోగ పుస్తకంలో నమోదు చేయండి.